కుడిచేతి వాక్యం

జూన్ 4

మామయ్యకు,

క్షేమంగా చేరాను. స్నానం చేసి తిన్నగా ఆసుపత్రిలో డ్యూటీకి వెళ్లిపోయాను. పదకొండు రోజులు లేనందుకు ఎవరూ ఏమీ అనలేదు కానీ, నా కుర్చీ మీద ఎవరో తడి తువ్వాళ్లు ఆరేసుకున్నారు.

ఫోను ఉండగా ఉత్తరమెందుకు అంటావేమో. ఫోనులో నీ దగ్గర నాలుగు మాటలే ఉన్నాయి: ఆ, ఊ, సరే, ఉంటా. అత్తయ్య ఉన్నప్పుడు మిగతావన్నీ తనే మాట్లాడేది కాబట్టి ఆ నాలుగూ సరిపోయాయి. ఇప్పుడు సరిపోవు. నేను కాలేజీ హాస్టల్లో ఉన్నప్పుడు వారానికొక ఉత్తరం రాసేవాడివి. అందులో మాత్రం వాగుడుకాయవి.

ఇక నీ చెయ్యి. ఇంటినిండా జనం ఉన్నారు, అందరూ నీ మొహమే చూశారు. మూడో రోజు నువ్వు నీళ్ల గ్లాసు అందుకోబోతే కుడి మణికట్టు కిందికి వేలాడిపోవడం నేను చూశాను. ఎప్పటి నుంచి అని అడిగితే, అత్తయ్య పోయిన మధ్యాహ్నం ఆసుపత్రి కుర్చీ మీద చెయ్యి వేలాడేసి నిద్రపోయానన్నావు. ఇలాంటివాళ్లు మాకు నెలకి ఇద్దరు ముగ్గురైనా వస్తారు. మోచేతి పైన ఎముక వెనకగా ఒక నరం చుట్టుకుని వెళుతుంది. గట్టిది ఏదైనా గంటల తరబడి దాన్ని నొక్కితే అది అలుగుతుంది. మణికట్టు లేవదు, వేళ్లు చాచుకోవు, బొటనవేలి వెనక చర్మానికి ఏదీ తెలియదు. తెగలేదు, అలిగింది అంతే. మూడు నెలల్లో మాట్లాడుతుంది.

మీ ఊరి పెద్దాసుపత్రిలో కరెంటు వైద్యం చేసే ఆయనతో మాట్లాడాను. మా కాలేజీలోనే చదివాడు, నాకన్నా చాలా ముందు. రోజు విడిచి రోజు వెళ్లు. నరం కోలుకునేదాకా కండరాలు పని మరిచిపోకుండా ఆయన కరెంటుతో ఆడిస్తాడు. మణికట్టు వాలకుండా నేనిచ్చిన పట్టీ మాత్రం ఇంట్లో విప్పకు.

ఒక షరతు. ఉత్తరం ఎడమచేత్తో రాయి, చివర ఒక్క వాక్యం కుడిచేత్తో రాయి. ఏ వాక్యమైనా సరే, ఎంత వంకరగా ఉన్నా సరే. నాకు నీ మాట మీద నమ్మకం లేదు, నీ రాత చూసి లెక్కగడతాను.

ఇంకొకటి. కునుకు తీశానని నువ్వు లోలోపల కుమిలిపోతున్నావని నాకు తెలుసు. పద్దెనిమిది రోజులు ఆసుపత్రిలో కూర్చున్న మనిషికి ఒక మధ్యాహ్నం కన్ను మూతపడితే తప్పేం లేదు. అత్తయ్య చూసి ఉంటే దుప్పటి కప్పేది.

నీ కత్తెరపిల్ల


జూన్ 13

కత్తెరపిల్లకి,

ఐదేళ్ల వయసులో నా కత్తెర దొంగిలించి కొత్త గౌను ముక్కలు చేసుకున్నదానివి, ఇవాళ నాకు షరతులు పెడుతున్నావు. బాగుంది. ఎడమచేత్తో ఈ నాలుగు ముక్కలు రాయడానికి రెండు రోజులు పట్టింది.

కరెంటు గదికి వెళ్లాను. మూడు మంచాలు, మధ్యలో పచ్చ తెరలు, మూల మైనం కరిగే తొట్టి. నా వయసువాళ్లు అందులో చేతులు ముంచి తెల్ల తొడుగులేసుకున్నట్టు బయటికి తీస్తున్నారు. కరెంటాయన బట్టతల మనిషి, నెమ్మదస్తుడు. కాలరు వెనక కుట్టు ఊడిపోయి ఉంది. దర్జీ బుద్ధి, ఆపుకోలేక చెప్పేశాను. 'మా ఇంట్లోవాళ్లు కూడా రోజూ చెబుతారండీ' అన్నాడు.

రెండు తడి స్పాంజి ముక్కలు పెట్టి, పట్టీ బిగించి మీట తిప్పాడు. చీమలు పాకినట్టుంటుందన్నాడు. మోచేతి దగ్గర కొంచెం చిమచిమలాడింది, కిందికి వచ్చేసరికి ఏమీ లేదు. కానీ చెయ్యి లేచింది! నేను లేపలేదు, దానంతటదే లేచి నిలబడింది. మీట తగ్గిస్తే పడింది. అలా ఇరవై నిమిషాలు లేస్తూ పడుతూ ఉంది. నేను పక్కవాడి చెయ్యి చూస్తున్నట్టు చూస్తూ కూర్చున్నాను. సంతోషం వేయలేదు, భయమూ వేయలేదు.

తర్వాత రెండు గాజు గొట్టాలు తెచ్చాడు. కళ్లు మూసుకోమని, ఏదో పెడతాను చెప్పమన్నాడు. నాకు కొట్లో పని ఉందని చెప్పి వచ్చేశాను.

ఇక్కడ వచ్చినవాళ్లంతా ఒకసారి మనసారా ఏడ్చేయమంటున్నారు. ఏడవడానికి ముందు ఏదో ఒకటి తెలియాలి కదా. నాకేమీ తెలియడం లేదు. మీ అత్త బీరువా తీస్తాను, బట్టలున్నాయి. మూసేస్తాను. పక్కింటామె పెట్టిన కూర తింటాను, ఉప్పు తక్కువైందని ఆమే చెబుతుంది. రోజులు గడుస్తున్నాయి, దానికేం లోటు లేదు.

నిద్ర విషయంలో నువ్వు నాకు సర్టిఫికెట్ ఇవ్వక్కర్లేదు.

మీ మామయ్య

(కుడిచేత్తో) చెయ్యి నాది కానట్టుంది


జూన్ 21

మామయ్యా,

నీ కుడిచేతి వాక్యాన్ని కొలబద్ద పెట్టి చూశాను. మొదటి మాటకీ చివరి మాటకీ మధ్య గీత వేలెడు కిందికి దిగింది. ఫైల్లో పెట్టాను. పై వారం ఇంకొకటి పెడతాను.

నిన్న మీ కరెంటాయనకి ఫోను చేశాను. 'మీ మామయ్యగారు మంచివారేనండీ, కరెంటు పెడితే గంటైనా కూర్చుంటారు. గొట్టాలు తీస్తే మాత్రం చెప్పులు వెతుక్కుంటారు' అన్నాడు. నాలుగుసార్లూ అంతేనట.

ఎందుకలా? అదేమీ సూది కాదు. ఒక గొట్టంలో గోరువెచ్చని నీళ్లు, ఒకదాంట్లో చల్లని నీళ్లు. వేడా, చల్లనా అని అడుగుతారు, అంతే. మాకు అన్నిటికన్నా ముందు చేయాల్సిన పని అదే. తెలియని చర్మం మీద వేడి కాపడం పెడితే, అది కాలుతున్నా మనిషి హాయిగా కబుర్లు చెబుతూ ఉంటాడు.

మా దగ్గరికి ఒక లారీ డ్రైవరు వచ్చేవాడు. ఏది పెట్టినా 'తెలుస్తోందమ్మా' అనేవాడు. ఒకరోజు కళ్లు మూసుకోమని, అసలు ఏమీ పెట్టకుండానే 'తెలుస్తోందా?' అన్నాను. 'బాగా తెలుస్తోందమ్మా' అన్నాడు. నవ్వొచ్చింది, తర్వాత వేడి కాపడం తీసి పక్కన పెట్టేశాను. నన్ను సంతోషపెట్టడానికి అంటున్నాడు పాపం. నువ్వు అలా అబద్ధమాడవు, తెలియదని ఒప్పుకోనూలేవు. పరీక్ష తప్పుతానని భయం, అంతే కదా? చిన్నప్పుడు నా లెక్కల పేపర్లు అత్తయ్యకి కనపడకుండా దాచిపెట్టింది నువ్వే. అది నీకు అలవాటే.

నా సంగతి ఏం రాయను. ఉదయం ఎనిమిదింటికి గది తెరుస్తాను, స్పాంజిలు తడుపుతాను, టైము అయిందని మిషను గంట మోగితే ఒకరిని లేపి ఇంకొకరిని పడుకోబెడతాను. సాయంత్రానికి ఎంతమంది వచ్చారో గుర్తుండదు. నాకూ ఏమీ అనిపించడం లేదు మామయ్యా, అది ఉద్యోగం వల్లనో మరెందువల్లనో తెలియదు.

గొట్టాల పరీక్ష చేయించుకో.

కత్తెరపిల్ల


జూలై 2

చిరంజీవికి,

నా వెనక నా గురించి ఆరా తీసేంత పెద్దదానివయ్యావన్నమాట. నేను చెప్పులు వెతుక్కున్నానో లేదో నన్నడిగితే చెప్పనా? యాభై ఎనిమిదేళ్ల మనిషిని, బడిపిల్లాడి సంగతి పంతుల్ని అడిగినట్టు అడిగావు. మీ అత్త బతికుండగా నా మీద ఎవరికీ ఫిర్యాదు చేయలేదు. నాకే చేసేది.

కొట్టుకి వెళుతున్నాను. కత్తెర పట్టుకోవడం వస్తోంది, తెరవడం రావడం లేదు. మూసిన కత్తెరతో ఏం కోస్తాం? సుద్దముక్కతో ఎడమచేత్తో నేను గీతలు గీస్తే మన కాజాలాయన కోస్తున్నాడు. జన్మంతా కాజాలు కుట్టినవాడు, నా బల్ల దగ్గర నిలబడటానికి సిగ్గుపడుతున్నాడు. ఒక పెళ్లికొడుకు కోటు భుజం దగ్గర వేలెడు తక్కువ కోశాడు. నేను ఒక్క మాట అనలేదు. పూర్వమైతే కొట్టు పైకప్పు లేచిపోయేది. ఆ కోపం కూడా ఎటు పోయిందో. నాకు తోచక ఇస్త్రీ పనీ, గుండీల పనీ చూస్తున్నాను.

కరెంటుకి వెళ్లడం మానలేదు. గొట్టాల జోలికి రానంటేనే కూర్చుంటానని కరెంటాయనతో తేల్చి చెప్పాను. ఒప్పుకున్నాడు. చేతి వెనకాల కోటు గుండీ అంత బొబ్బ లేచింది. నొప్పేం లేదు, అసలు తెలియనే లేదు. నువ్వు కంగారుపడి మళ్లీ ఎవరికో ఫోను చేయకు.

నేను దేనికీ భయపడటం లేదు. లెక్కల పేపర్ల సంగతి మీ అత్తకి మొదటి నుంచీ తెలుసు.

మామయ్య

(కుడిచేత్తో) ఇది కూడా రాశాను, చాలా?


జూలై 9

మామయ్యా,

బొబ్బ అన్న మాట చదివి లేచి నిలబడ్డాను.

పరీక్ష వద్దని రోగి అంటే ఒప్పుకోవడమేమిటి? అది బేరమా? ఒప్పుకుని పైగా వేడి కూడా పెట్టాడా? తెలియని చర్మం మీద? మొదటి సంవత్సరం పిల్లలు కూడా చేయని పని అది. నీకు నొప్పి తెలియదు కాబట్టే అంత కాలింది. నా సొంత మామయ్యని నమ్మి అప్పజెబితే ఆయన చేసింది ఇదీ.

ఫోను చేయొద్దన్నావు, చేయలేదు. మీ ఆసుపత్రి సూపరింటెండెంటుకి ఉత్తరం రాశాను. పరీక్ష చేయకుండా వైద్యం చేశారనీ, చెయ్యి కాల్చారనీ, రిజిస్టరు చూడమనీ రాశాను. నా హోదా, మా ఆసుపత్రి పేరు కూడా వేశాను. నువ్వు ఆయన మీద జాలిపడి అడ్డుపడతావని తెలిసే ముందుగా చెప్పలేదు.

బొబ్బ చిదమకు. శుభ్రమైన తడి గుడ్డ కప్పి, కట్టు కట్టించుకో. ఇంకెక్కడా వేడి తగలనివ్వకు. నీ వాక్యం ఈసారి ఇంకా కిందికి జారింది.

కత్తెరపిల్ల


జూలై 20

నువ్వు చేసిన పని చూశాను.

సోమవారం వెళితే కరెంటు గదికి తాళం వేసి ఉంది. బయట బెంచీ మీద ఏడుగురు కూర్చుని ఉన్నారు. ఒకామె నడుము పట్టుకుని గోడకి ఆనుకుని నిలబడింది. కరెంటాయన కింద చీటీల కిటికీ దగ్గర కూర్చుని పేరు, వయసు రాస్తున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. 'విచారణ అయ్యేదాకా మిషను ముట్టుకోవద్దన్నారండీ' అన్నాడు. 'మీ చెయ్యి ఎలా ఉంది?' అని కూడా అడిగాడు. నేను నేల చూశాను.

ఆ బొబ్బ ఆయన పెట్టింది కాదు. ఆయన నాకు ఒక్కసారి కూడా వేడి పెట్టలేదు. పరీక్ష లేకుండా వేడి ఇవ్వనని మొదటిరోజే చెప్పాడు. నువ్వు రాసిన మాటే ఆయనా అన్నాడు.

ఇస్త్రీ పెట్టె కాలిందో లేదో నేనెలా చూస్తానో నీకు తెలుసు. కుడిచేతి వెనకభాగం దగ్గరికి తీసుకెళతాను. నీళ్లు చిలకరిస్తే గుడ్డ మీద మరకలు పడతాయి. ముప్పయ్యేళ్లుగా నా చెయ్యే చెప్పేది, ఇది పట్టుకి చాలు, ఇది ఉన్నికి చాలు అని. ఆ రోజు చెయ్యి ఏమీ చెప్పలేదు. ఇంకా కాలలేదు కాబోలనుకుని మరికాస్త దగ్గరికి పెట్టాను. వాసన వచ్చింది. గుడ్డ మాడిందేమోనని గుడ్డ చూశాను! కాజాలాయన అరిచి నా చెయ్యి లాగాడు.

ఒక కటింగ్ మాస్టరు ఇస్త్రీ పెట్టె మీద చెయ్యి పెట్టాడని ఎలా రాయను? అందుకే గుండీ అంత బొబ్బ అని ఊరుకున్నాను. నువ్వు అడిగి ఉంటే చెప్పేవాణ్ణి. అడగలేదు. హోదా వేసి ఉత్తరం రాశావు.

ఆ ఉత్తరం వెనక్కి తీసుకో.

మామయ్య

(కుడిచేత్తో) ఆయన తప్పు లేదు


జూలై 27

మామయ్యా,

నీ ఉత్తరం అందిన గంటలో సూపరింటెండెంటుకి ఫోను చేసి, నేను పొరపాటుపడ్డానని చెప్పాను. రాతపూర్వకంగానూ పంపాను. కరెంటాయనకి కూడా చేశాను. క్షమించమని ఎన్నిసార్లన్నానో నాకే తెలియదు. ఆయన 'ఫరవాలేదమ్మా' అని, నీ మణికట్టు ఎంతవరకు పైకి లేస్తోందో చూసుకోమని చెప్పాడు. అది వినడం కన్నా తిట్లు తినడం నయం.

కానీ అంతటితో తేలేట్టు లేదు. కాలిన సంగతి వదిలేశారు. రిజిస్టరులో పరీక్ష చేసినట్టు సంతకం లేదట, రోగి వద్దన్నాడనీ రాసి లేదట. అలా రాస్తే వైద్యం ఆపేయాలి, అది ఆయనకి తెలుసు. నీ చెయ్యి పాడైపోతుందని ఆ గడి ఖాళీగా వదిలేసి, తక్కువ కరెంటుతో తనే పక్కన నిలబడి చూసుకుంటూ నీకు పెట్టాడు. ఇప్పుడు ఆ ఖాళీ గడి ఆయన మెడకి చుట్టుకుంది. రోగి తనంతట తనే పరీక్ష ఎందుకు వద్దన్నాడో రాసిస్తే, అది చూసి నిర్ణయిస్తామన్నారు. నువ్వే రాయాలి.

ఎందుకు వద్దన్నావు మామయ్యా? ఈసారి అడుగుతున్నాను.

నాకంత కోపం ఎందుకొచ్చిందో నిన్నంతా ఆలోచించాను. అత్తయ్య పద్దెనిమిది రోజులు ఆసుపత్రిలో ఉంటే నేను ఒక్కరోజు సెలవు పెట్టలేదు. రేపు పెడదాం, శనివారం పెడదాం అనుకున్నాను. ఊపిరి ఇబ్బందే కదా, తగ్గిపోతుందనుకున్నాను. రోజూ పాతికమంది చేతులూ కాళ్లూ పట్టుకుంటాను, అత్తయ్య చెయ్యి పట్టుకోవడానికి రాలేదు. ఎవరి మీదనైనా అరవాలని ఉంది. పాపం ఆయన దొరికాడు.

కత్తెరపిల్ల


ఆగస్టు 8

అమ్మాయీ,

దీంతోపాటు ఇంకో కాగితం పెట్టాను, అది ఆసుపత్రికి ఇచ్చిన దానికి నకలు. అందులో రెండు ముక్కలే ఉన్నాయి. పరీక్ష చేయించుకోనని మొండికేసింది నేనేనని, నా సొంత కారణం వల్లనని. ఆ కారణం నీకు రాస్తున్నాను. మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను.

ఆ మధ్యాహ్నం నేను కుర్చీలో నిద్రపోలేదు. అసలు నిద్రే పోలేదు.

మీ అత్త పడుకుంటే ఊపిరాడేది కాదు. నాలుగు రోజులుగా కూర్చునే ఉంది, కన్ను మూయలేదు. ఆ రోజు భోజనం పళ్లేలు తీసుకెళ్లాక 'కాసేపు ఆనుకుంటా' అంది. మంచం తలవైపు ఇనుప కమ్మీ ఉంది, వీపుకి గుచ్చుకునేది. నేను మంచం అంచున కూర్చుని, ఆ కమ్మీకీ ఆమె మెడకీ మధ్య నా కుడిచెయ్యి పెట్టాను. తల వాల్చింది. 'బరువుగా ఉందా?' అంది. 'కోటు గుడ్డ తాను కన్నా తేలిక' అన్నాను. 'ఎప్పుడూ గుడ్డల గోలే' అంది. నిద్రపోయింది. అప్పుడు రెండు కావస్తోంది.

అరగంటకి చెయ్యి తిమ్మిరెక్కింది. కదిపితే లేస్తుందని కదపలేదు. నాలుగు రోజుల తర్వాత పట్టిన నిద్ర. కాసేపు సూదులు గుచ్చినట్టు ఉంది, తర్వాత అదీ పోయింది. చెయ్యి ఉందో లేదో తెలియలేదు. నిజం చెబుతున్నా, ఆ తర్వాత సుఖంగానే కూర్చున్నాను. ఎదురు మేడ మీద ఎవరో దుప్పట్లు ఆరేశారు. వాటి అంచు కుట్టు చూస్తూ, ఎవరు కుట్టారో గానీ దారం తక్కువ వాడారని అనుకుంటూ కూర్చున్నాను. ఇవాళ బాగా నిద్రపోయింది, లేచాక టీ అడుగుతుందనుకున్నాను.

ఐదింటికి నర్సమ్మ వచ్చింది. మీ అత్త నుదుటి మీద చెయ్యి వేసి, నా మొహం చూసింది. 'ఎంతసేపయింది?' అంది.

'ఇప్పుడే నిద్ర పట్టింది' అన్నాను.

ఆమె ఇంకోసారి అడిగింది, నెమ్మదిగా. అప్పుడు ఎడమచేత్తో మీ అత్త చెంప తాకాను. చల్లగా ఉంది. అప్పుడే చల్లబడింది కాదు, చాలాసేపటి కింద చల్లబడింది.

మరణ ధ్రువపత్రంలో ఐదూ పది అని రాశారు. అది నర్సమ్మ చూసిన టైము. మూడింటికో, మూడున్నరకో, నేను దుప్పటి అంచులు చూస్తున్నప్పుడో పోయింది. నా చేతి మీదే ఉంది, నా చేతి మీదే చల్లబడింది. నాకు తెలియలేదు. ఇస్త్రీ పెట్టె వేడి గీత తప్పకుండా చెప్పే చెయ్యి అది.

చుట్టాలంతా చివరిక్షణంలో పక్కనే ఉన్నావు, అదృష్టవంతుడివి అన్నారు. ఏం చెప్పను? కుర్చీలో నిద్రపోయానని చెప్పడం తేలికనిపించింది. నిద్రపోయినవాణ్ణి ఎవరైనా క్షమిస్తారు. నువ్వు దుప్పటి కూడా కప్పావు.

ఆ కరెంటాయన కళ్లు మూసుకోమని, నా చేతి మీద గొట్టం పెట్టి, వేడా చల్లనా అని అడుగుతాడు. నేనేం చెప్పను అమ్మాయీ?

మామయ్య

(కుడిచేత్తో) నాకు తెలియలేదు


ఆగస్టు 16

మామయ్యా,

నీ ఉత్తరం మైనం తొట్టి పక్కన నిలబడి చదివాను. గంట మోగింది. తెర వెనక పడుకున్న ముసలాయన 'అమ్మా, గంట కొట్టింది' అన్నాడు. రెండుసార్లన్నాడు. వెళ్లి ఆయన పట్టీలు విప్పాను. ఆయన నా మొహం చూసి చొక్కా వేసుకున్నాడు.

నేను నిన్ను ఓదార్చబోవడం లేదు. ఇంతకుముందు ఓదార్చినప్పుడల్లా తప్పు చోట ఓదార్చాను.

నాకు తెలిసిన పని గురించి మాత్రం చెబుతాను. ఆ నరం అలా అలగాలంటే మూడు గంటలపాటు ఒక్కసారి కూడా కదపకూడదు. నిద్రపోయినవాడు కూడా మధ్యలో ఒకటి రెండుసార్లు కదులుతాడు. మెలకువగా ఉండి, తిమ్మిరెక్కి, సూదులు గుచ్చుతున్నా ఎవరూ అలా ఉండరు. నా పదకొండేళ్ల ఉద్యోగంలో అలాంటివాడు నాకు తగల్లేదు. నువ్వు కదిపి ఉంటే నీ చెయ్యి నీకుండేది, చల్లబడటం తెలిసేది. అత్తయ్యకి ఆ నిద్ర ఉండేది కాదు. ఇంతకన్నా నాకు తెలియదు.

కొట్టులో కోటు గుడ్డ తాను ఎత్తినప్పుడల్లా అత్తయ్య నవ్వేది, 'నాకన్నా దాన్నే ఎక్కువ ఎత్తుకుంటాడు మీ మామయ్య' అని. నువ్వా మాట రాశాక గుర్తొచ్చింది. ఇక్కడికి వచ్చాక మొదటిసారి ఏడ్చాను. ఏడుస్తూ కూడా స్పాంజిలు పిండాను.

గొట్టాల పరీక్ష నువ్వు చేయించుకోకపోయినా ఫరవాలేదు. సెలవు పెట్టాను, సెప్టెంబరు పదిన వస్తాను. కావాలంటే నేనే పెడతాను. వద్దంటే ఊరికే కూర్చుందాం.

నీ రెండు మాటల వాక్యానికి కొలబద్ద పెట్టాను. అలవాటు కొద్దీ పెట్టాను, కోప్పడకు. గీత తిన్నగా ఉంది మామయ్యా.

నీ కత్తెరపిల్ల


సెప్టెంబరు 3

కత్తెరపిల్లకి,

కరెంటాయన్ని మళ్లీ గదిలోకి పంపించారు. నా కాగితం చదివి మందలించి వదిలేశారట. తాళం తీసిన రోజే వెళ్లాను. కాలరు కుట్టు ఇంకా అలాగే ఉంది. చొక్కా విప్పించి బెంచీ మీద కూర్చుని ఎడమచేత్తోనే నాలుగు కుట్లు వేశాను. వంకరగా వచ్చాయి. 'మాస్టరు కుట్టారని చెప్పుకోనులెండి' అన్నాడు. నాకు నవ్వొచ్చింది. నవ్వొచ్చిందని తర్వాత గమనించాను.

కుట్టు అయ్యాక నేనే అడిగాను, గొట్టాలు తెమ్మని.

ఆయన తెర లాగి, ముందు నా ఎడమచేతికి రెండూ తాకించి చూపించాడు. ఇది వేడి, ఇది చల్లన, గుర్తుపెట్టుకోండి అన్నాడు. కళ్లు మూసుకున్నాను. కుడిచేతి మీద ఎక్కడ పెడుతున్నాడో తెలియలేదు. 'వేడా, చల్లనా?' అన్నాడు. తెలియదన్నాను. మళ్లీ పెట్టాడు. తెలియదన్నాను. తెలియదని చెప్పడం అంత కష్టంగా ఏమీ లేదు. ఇన్నాళ్లూ ఆ మాటకే చెప్పులు వెతుక్కున్నాను.

మళ్లీ వెళ్లినప్పుడూ తెలియదు. ఆ తర్వాతసారీ తెలియదు. ఆయన గడిలో అదే రాసుకుని సంతకం పెట్టాడు.

నిన్న నాలుగోసారి. కళ్లు మూసుకున్నాను. మైనం వాసన వస్తోంది, పక్క తెరలో ఎవరో దగ్గుతున్నారు. బొటనవేలి వెనక ఏదో ఆనింది. ఆనిందని తెలిసింది. ముందు తడి అనుకున్నాను. తర్వాత తెలిసింది.

'చల్లన' అన్నాను.

ఆయన చెయ్యి తీయలేదు. 'ఎప్పటి నుంచి తెలుస్తోందండీ?' అన్నాడు.

'ఇప్పుడే' అన్నాను.

ఆ మాట అని ఇక కళ్లు తెరవలేకపోయాను. మంచం అంచు పట్టుకుని ఏడ్చాను అమ్మాయీ. చిన్నపిల్లాడిలా గొంతెత్తి ఏడ్చాను. పక్క తెరలో దగ్గు ఆగిపోయింది. కరెంటాయన గొట్టం అలాగే పట్టుకుని నిలబడ్డాడు, గంట మోగితే ఎడమచేత్తో ఆపేశాడు. మే నెల నుంచి రానిదంతా వచ్చింది. మీ అత్త పోయింది. నాకు నిన్న తెలిసింది.

పదిన నువ్వు రా. నేను బస్సు దగ్గరికి వస్తాను. కత్తెర ఇంకా పూర్తిగా తెరుచుకోవడం లేదు, రెండు వేళ్ల సందు వస్తోంది. కాగితం కోయగలను, గుడ్డకి ఇంకా సమయం పడుతుంది. ఆమె బీరువా నువ్వొచ్చాక ఇద్దరం తీద్దాం.

ఇక్కడి దాకా ఎడమచెయ్యి. కింద కుడిది.

మీ మామయ్య

(కుడిచేత్తో) చల్లగా ఉంది అమ్మాయీ, మీ అత్త చాలా చల్లగా ఉంది